రెండో రిమోట్

ముందుగా, నాకు నిశ్చయంగా తెలిసినవి. ఆ వీడియో గేమ్‌ను ఉప్పల్ రింగ్‌రోడ్డు దాటాక, మెట్రో స్తంభాల నీడ పడే వరుసలో ఉన్న ఒక ఇరుకు దుకాణంలో కొన్నాం. డబ్బాలో రెండు రిమోట్లు ఉన్నాయి. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. డబ్బా మీద ఇద్దరు పిల్లలు నోరంతా తెరిచి నవ్వుతున్న బొమ్మ ఉంది. నా పెద్ద కూతురికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఐదు. ఇవన్నీ నేను కళ్ళారా చూసినవి. పిల్లల వయసుల విషయంలో రెండుసార్లూ ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నవాణ్ణి కూడా.

ఇక విన్నవి. ఇటువంటి ఆటలు ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయన్నది విన్నాను. ఆడితే మెదడు మొద్దుబారుతుందన్నదీ విన్నాను. రెండూ చెప్పింది ఒకే మనిషి, వారం రోజుల తేడాతో. ఆయన నా బావమరిది, కాప్రాలో ఉంటాడు, ఫోనులో చూసిన ప్రతి విషయాన్నీ అనుభవంగా చెప్పగలడు. పనిచేయని రిమోట్‌ను చిన్నపిల్ల చేతిలో పెట్టవచ్చన్న ఆలోచన మొదట ఎవరిదన్నది కూడా వినికిడి కిందికే వస్తుంది. బావమరిది దుకాణదారు మాట అంటాడు. దుకాణదారు లోకమంతా చేసేదే అంటాడు. లోకాన్ని పిలిచి అడిగే వీలు నాకు లేదు.

నాచారం పారిశ్రామికవాడలో, మందుల కర్మాగారానికి చెందిన ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం. మాత్రలో ఎంత మందు ఉందని డబ్బా మీద రాశారో, అంతా ఉందా లేదా అని చూడడమే నా పని. డబ్బా మీది రాతను నమ్మకుండా ఉండడానికి నాకు నెలనెలా జీతం ఇస్తారు. ఈ అలవాటు ఐదు గంటలకు గేటు దగ్గర కార్డు చూపించినంత మాత్రాన ఆగిపోదు. మా ఇంట్లో పళ్ళపొడి కొనడం కూడా ఒక విచారణే అని నా భార్య అంటుంది. అది నింద అని ఆమె ఉద్దేశం.

కొనవలసిన అవసరం పై అంతస్తు నుంచి వచ్చింది. అక్కడ ఉండే పిల్లల దగ్గర ఒక వీడియో గేమ్ ఉంది. మా పెద్దది రోజూ సాయంత్రం పైకి వెళ్ళేది, చిన్నది వెంట పడేది. పెద్దపిల్లలు ఆడుతుంటే ఇది సోఫా చేతి మీద గడ్డం ఆనించి నిలబడేది. 'తర్వాత నీ వంతు' అని వాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ వంతు రాలేదు. ఒకరోజు కిందికి వచ్చి, చెప్పులు విడుస్తూ అడిగింది.

"నాన్నా, మనం కొంటే నాకు కూడా ఒక రిమోట్ ఉంటదా?"

"ఉంటుందమ్మా. నీది నీకే."

"అక్కది కాదు కదా?"

"కాదు. నువ్వు నొక్కితేనే పనిచేసేది."

ఇది నేను ఇచ్చిన మాట. ఆ తర్వాత నేను వేసిన ప్రతి అడుగూ ఈ మాట నిలబెట్టుకోవడానికి వేసిందే. కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు రాశాను.

ఏ రిమోట్ ఐదేళ్ళ చేతికి సరిపోతుందో డబ్బా చెప్పదు, 'పిల్లల కోసం' అని మాత్రం చెబుతుంది. ఎంతమంది పిల్లలను కొలిచి ఆ మాట రాశారో నాకు తెలియదు గనుక, నేను కొలవగలిగిన ఒక్క పిల్లను కొలిచాను. కాలేజీ రోజుల నాటి వెర్నియర్ కాలిపర్స్ తీసి, చిన్నదాని బొటనవేలి పొడవు, అరచేతి వెడల్పు, చేయి పూర్తిగా చాపితే బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య దూరం పుస్తకంలో రాసుకున్నాను. కొలుస్తున్నంతసేపూ అది ఊపిరి బిగబట్టి నిలబడింది. చివర్లో "ముక్కు కూడా కొలువు" అంది. ముక్కు కూడా కొలిచి రాశాను.

మొదట ఏఎస్ రావు నగర్‌లోని ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాం. వెంట బావమరిది వచ్చాడు. నేను పిలవలేదు, ఎలక్ట్రానిక్ వస్తువు కొనే చోటికి తాను లేకుండా వెళ్ళడం ఆయన దృష్టిలో పురోహితుడు లేకుండా పెళ్ళి చేయడం వంటిది. నెరిసిన మీసాల అమ్మకందారు ఒకాయన అరచేతిలో పట్టే పెట్టెను బల్ల మీద పెట్టి, అందులో లక్ష ఆటలున్నాయన్నాడు. నేను కుర్చీ లాక్కుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాకా వేర్వేరు ఆటలే. ఆ తర్వాత అదే కారు, అదే రోడ్డు, ఆకాశం మాత్రం నీలం నుంచి నారింజకు మారింది. మరికొంత దూరంలో అదే కారు, అదే రోడ్డు, పైన చంద్రుడు.

"ఇది ఇందాకటి ఆటే కదండీ?"

"ఇది నైట్ సార్."

"లక్ష అని రాశారు."

"లక్ష ఆటలు ఎవలాడతరు సార్? పది ఆడితే మస్తు."

"మరి పది అనే రాయవచ్చు కదా."

"పది అని రాస్తే ఎవలు కొంటరు సార్?"

ఆ దుకాణంలో నేను విన్న ఒకే ఒక్క నిజం అది. ఆ ఒక్క నిజానికి ఆయనను గౌరవించి ఊరుకునేవాణ్ణి. కానీ ఆయన వెంటనే పిల్లల కోసం చేసిన నీలికాంతి కళ్ళజోడు తీశాడు. ఇది పెట్టుకుంటే కళ్ళకు ఏమీ కాదని డాక్టర్లే చెబుతున్నారన్నాడు. ఏ డాక్టరని అడిగాను. అందరు డాక్టర్లూ అన్నాడు. ఆ కళ్ళజోడు అద్దంలోంచి ఫోనులోని నీలిరంగు తెరను చూశాను. తెర నీలంగానే ఉంది, నా కళ్ళూ నావిగానే ఉన్నాయి. కంటితో చూడడం పరీక్ష కాదని నాకు తెలుసు. ఆయన చూపించిన రుజువు కంటే మాత్రం అది ఒక మెట్టు పైనే ఉంది.

ఆ తర్వాత స్టీరింగ్ చక్రం వచ్చింది. కారు ఆటలకు తప్పనిసరి అన్నాడు. తిప్పి చూశాను. గుండ్రటి ప్లాస్టిక్ కట్టు, నడుమ రిమోట్ దూర్చడానికి ఒక ఖాళీ. లోపల తీగ లేదు, స్ప్రింగు లేదు. నడుమ రంధ్రం పెట్టి, చుట్టూ ప్లాస్టిక్ పోసి, దానికి సాధనమని పేరు పెట్టిన మనిషి మీద నాకు ఇప్పటికీ ఒక రకమైన ఆశ్చర్యం ఉంది. గారెకు కూడా నడుమ రంధ్రం ఉంటుంది గానీ, గారె ఎన్నడూ తనను సాధనమని చెప్పుకోలేదు.

"బావా, జర ఊకో," అన్నాడు బావమరిది. "నువ్వు గిట్ల ఒక్కొక్కటి అడుక్కుంట కూసుంటే పిల్లలు పెండ్లిళ్ళై పోతరు. నువ్వు ఇంకా గీ కౌంటర్ కాడనే ఉంటవ్."

"అప్పుడు అల్లుళ్ళను కూడా పరీక్షిస్తాను."

"గప్పుడు నా అక్క నిన్ను పరీక్షిస్తది."

మరుసటి ఆదివారం ఉప్పల్ దుకాణానికి వెళ్ళాం. యజమాని నలభై ఏళ్ళ మనిషి, ప్రతి వాక్యానికీ ముందు 'కుల్లా జెప్తున్న సార్' అంటాడు, అంటే దాపరికం లేకుండా చెబుతున్నానని. ఆ మాట తర్వాత వచ్చే వాక్యాన్ని నేను మరింత జాగ్రత్తగా వింటాను. టీవీ వెనక ఒక చిన్న ముక్కను గుచ్చితే, రెండు రిమోట్లు తీగ లేకుండా దానితో మాట్లాడతాయన్నాడు. రిమోట్లు చిన్నవి; నా పుస్తకంలోని కొలతలకు సరిపోయాయి. డబ్బా మీద 'ఇద్దరు ఆడవచ్చు' అని ఉంది.

"గ్యారంటీ ఉందా?"

"గ్యారంటీ నాది సార్."

"రాసిస్తారా?"

"రాస్తే అది వారంటీ అయితది సార్. గ్యారంటీ అంటే మాట."

బావమరిది నవ్వాడు. నేను నవ్వలేదు. అక్కడే టీవీకి పెట్టించి, నల్ల రిమోట్ తీసుకుని అన్ని మీటలూ వరసగా నొక్కి చూశాను. పనిచేసింది. దాన్ని ఆపి, ఎర్ర రిమోట్ తీసుకుని అదే వరసలో నొక్కాను. అదీ పనిచేసింది. వంటింటి త్రాసు మీద రిమోట్‌ను పెట్టి, మీట నొక్కడానికి ఎంత బరువు కావాలో కూడా చూశాను. అవును, త్రాసు ఇంటి నుంచి తీసుకువెళ్ళాను. దుకాణంలో ఉన్నవాళ్ళంతా పని మానుకుని చూశారు. ఆ చూపుల్లో నాకు గౌరవం కనిపించిందని ఆ రోజు అనుకున్నాను.

ఇంటికి వచ్చి రెండు రిమోట్లూ వెలిగించి ఉంచితే, ముందు వెలిగించినది పనిచేసింది. రెండోది దీపం మాత్రం వెలిగించుకుని ఊరుకుంది. వరస మార్చాను, బ్యాటరీలు మార్చాను, టీవీకి దగ్గరగానూ దూరంగానూ పెట్టి చూశాను. ఫలితం మారలేదు. టీవీ వెనకున్న ముక్క ఒక్క రిమోట్‌నే గుర్తిస్తోంది. నేను దుకాణంలో రెండు రిమోట్లను పరీక్షించాను. ఇద్దరు పిల్లలు కలిసి ఆడతారన్న సంగతిని పరీక్షించలేదు. మా ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్ళు ఈ తప్పు చేస్తే నేను వాళ్ళతో ఏ గొంతుతో మాట్లాడతానో నాకు తెలుసు.

మర్నాడు మళ్ళీ ఉప్పల్ వెళితే, దుకాణదారు నా పరీక్షతోనే నన్ను పడగొట్టాడు.

"కుల్లా జెప్తున్న సార్, రెండూ పనిజేస్తున్నయి గదా. మీరే తక్కెడ పెట్టి మరీ చెక్ జేసిన్రు."

ఆ ముక్క మార్చి ఇస్తానన్నాడు, బొంబాయి నుంచి రావాలన్నాడు, పది దినాలన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అంతదనుక చిన్న పాపకు ఉత్తదే ఇయ్యున్రి సార్. లైటు వెలుగుతది, ఆడుతున్న అనుకుంటది. మస్తు మంది ఖరాబైన రిమోట్ అడిగి మరీ తీస్కపోతరు, చిన్నోళ్ళ కోసం."

నేను అసహ్యంతో బయటికి వచ్చాను. మోసపోతున్నవాళ్ళు నవ్వుతున్నంత కాలం మోసం మోసం కాదన్న ఆ వ్యాపార నీతిని దారి పొడవునా తిట్టుకున్నాను. ఇంటికి వచ్చేసరికి హాల్లో ఆ నీతి అప్పటికే అమలులో ఉంది. బావమరిది ఎర్ర రిమోట్ చిన్నదాని చేతిలో పెట్టి, "ఇగో, ఇది నీది. ఆ పచ్చ ఎలుగుబంటి నువ్వే," అంటున్నాడు. ఆ ఆటలో రెండో మనిషి లేకపోతే ఎలుగుబంటి దానంతట అదే నడుస్తుంది. అది గుంతలు దాటుతోంది, పళ్ళు ఏరుతోంది. నా కూతురు రిమోట్‌ను గుండెకు హత్తుకుని, మీటలన్నీ ఒకేసారి నొక్కుతూ, "నేనే దుంకిన!" అని అరుస్తోంది.

నా భార్య వంటింటి గుమ్మంలో నన్ను ఆపింది.

"ఇప్పుడు జెప్పకండి. ఏడుస్తది. పది దినాలే గదా."

చెప్పలేదు.

మా కృష్ణా జిల్లాలో, వీధిలో ఆడేటప్పుడు, పరుగెత్తలేని చిన్నవాళ్ళను ఆటలో అరటిపండు అనేవాళ్ళం. అరటిపండును ఎవరూ ఔట్ చేయరు, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాళ్ళు అందరితో పాటు పరుగెడతారు, అందరితో పాటు అరుస్తారు, గెలిచిన జట్టులో ఉన్నామనుకుంటారు. దీన్ని మా పెద్దవాళ్ళంతా దయ అనేవాళ్ళు. ఒక్కరికి తప్ప అందరికీ తెలిసిన విషయాన్ని దయ అనడానికి ఎంత తీరిక కావాలో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. తీరిక మా ఇంట్లో పుష్కలంగా ఉంది. పెద్దది కూడా బాగా నేర్చింది. తెర మీద తను ఆడించే తెల్ల కుక్కపిల్లను కావాలని వెనక్కి లాగి, "నువ్వే గెలిచినవ్ సూడు," అనేది. బావమరిది వచ్చినప్పుడల్లా, "పాప మస్తు ఆడుతుంది బావా. నీకన్న నయం," అని నా వైపు కన్ను కొట్టేవాడు. నేను ఆ సమయాల్లో హాల్లో ఉండడం మానేశాను. రుజువు లేని మాట ఎక్కడ విన్నా కుర్చీ లాక్కుని కూర్చునే మనిషిని, నా సొంత ఇంట్లో ఒక అబద్ధం వినబడకుండా బాల్కనీలో బట్టలు ఆరేసుకున్నాను.

పది దినాలు మూడో వారంలో పడ్డాయి. చివరికి ముక్క వచ్చింది. పిల్లలు బడిలో ఉండగా సెలవు పెట్టి తెచ్చి, టీవీ వెనక గుచ్చి, కుడిచేతిలో నలుపు, ఎడమచేతిలో ఎరుపు పట్టుకుని, ఈసారి రెండూ కలిపి పరీక్షించాను. కుక్కపిల్ల కదిలింది. ఎలుగుబంటీ కదిలింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదని తేల్చుకున్నాను. సాయంత్రం నుంచి నేనిచ్చిన మాట దానంతట అదే నిజమవుతుంది, వెనకటి మూడు వారాలు లెక్కలోంచి జారిపోతాయి. పత్రం మీది తేదీని వెనక్కి దిద్ది, పరీక్ష ముందే జరిగిందని చెప్పేవాళ్ళు మా రంగంలోనూ ఉన్నారు. వాళ్ళ గురించి నేను మాట్లాడే తీరు ఇక్కడ రాయదగినది కాదు.

సాయంత్రం ఇద్దరూ కూర్చున్నారు. ఆట మొదలైంది. పచ్చ ఎలుగుబంటి నాలుగడుగులు వేసి గుంతలో పడింది. లేచింది, మళ్ళీ అదే గుంతలో పడింది. మూడోసారి గోడకు ముఖం ఆనించి ఊరికే నడుస్తూ ఉండిపోయింది. చిన్నది రిమోట్‌ను తిప్పి చూసింది, వెనక తట్టింది.

"నాన్నా, నా రిమోట్ చెడిపోయింది."

"చెడిపోలేదమ్మా."

"చెడిపోయింది. నిన్న బాగుండె. నువ్వేం జేసినవ్?"

పెద్దది నా వైపు చూసి తల దించుకుంది. అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో బాగుచేయడం ఆ క్షణంలో నాకు సాధ్యమే. ఎలుగుబంటికి జ్వరం అని చెప్పి ఉండవచ్చు. బావమరిది అయితే చెప్పేవాడే. నేను దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఇన్నాళ్ళూ అది పనిచేయలేదమ్మా. ఎలుగుబంటి దానంతట అదే నడిచింది. నీకు చెప్పకుండా దాచాం. ఇవాళే బాగుచేశాను. ఇప్పుడు నువ్వు నొక్కితేనే నడుస్తుంది."

అది తెర వైపు తిరిగింది. గోడ దగ్గర ఎలుగుబంటి ఆగిపోయి ఉంది.

"నాకు తెలుసు," అంది.

"ఎప్పటి నుంచి?"

"ఎప్పట్నుంచో."

"మరి నేనే దుంకిన అని అరిచేదానివి కదా?"

రిమోట్‌ను నా ఒళ్ళో పెట్టింది.

"మళ్ళ అట్లనే పెట్టు."

పెట్టలేదు. పాత ముక్కను ఆ రాత్రే చెత్తలో పడేశాను. నాలుగు రోజులు అది టీవీ ఉన్న గదిలోకి రాలేదు. పెద్దది ఒక్కతే ఆడి, విసిగి, మానేసింది. ఐదో రోజున చిన్నది వచ్చి, ఎర్ర రిమోట్ తీసుకుని అక్క పక్కన కూర్చుంది. ఎలుగుబంటి గుంతలో పడింది. "మళ్ళా," అంది. పడింది. "మళ్ళా." పక్కనున్న అక్క ఈసారి కుక్కపిల్లను వెనక్కి లాగలేదు, ఆగలేదు, ఎప్పటి వేగంతోనే ఆడి గెలిచింది. చిన్నది కోపంతో అక్కను మోచేత్తో పొడిచింది. అన్నం తినే వేళకు ఒక్క గుంత దాటింది. అప్పుడు అరవలేదు. తర్వాతి గుంత ఎంత వెడల్పు ఉందో చూసుకుంటోంది.

తేలని ప్రశ్న ఒకటి మిగిలింది: దానికి నిజంగా ముందే తెలుసా? తెలిస్తే, రిమోట్ చెడిపోయిందని ఎందుకు అంది? తెలియకపోతే, నాకు తెలుసని ఎందుకు అంది? ఐదేళ్ళవాళ్ళు దేనికైనా తెలుసనే అంటారని నా భార్య అంటుంది. తెలిసీ, ఎన్నడూ గుంతలో పడని ఎలుగుబంటినే ఇష్టపడిందేమోనని నేను అంటాను. మా సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక మూడు వారాలు అరిచిందేమోనన్న మూడో సంగతిని మా ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. అడిగి తెలుసుకునే దారి మూసుకుపోయింది. ఆ వయసు పిల్ల మనం ఎలా అడిగితే అలా గుర్తు తెచ్చుకుంటుంది. నేను ఇప్పుడు అడిగితే దొరికేది నా ప్రశ్న ఆకారంలో ఉన్న జవాబే. దాని ముఖం చూసి తేల్చగలిగిన రోజులు ఇరవై దాకా ఉండేవి. ఆ రోజుల్లో నేను బాల్కనీలో ఉన్నాను.